మైకావిడ ఎందుకు బస్సెక్కింది

ఆ వానాకాలమంతా ఒక ఆడమనిషిని బస్సెక్కించలేక నా తల ప్రాణం తోకకొచ్చింది. బస్సు సిద్ధంగా ఉంది. డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఆవిడ సంచీ సర్దేసుకుంది, నేనే దగ్గరుండి సర్దించాను. అయినా మెట్టు మీద కాలు పెట్టదు. బలవంతాన పెట్టించాననుకోండి, దుకాణం ముందు నిలబెట్టే బొమ్మని ఎత్తుకెళ్ళి బస్సులో పడుకోబెట్టినట్టుండేది.

ఆవిడ నా నవల్లో మనిషి. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడికొస్తుందో చెప్పే ఉద్యోగం. భర్త గడియారాలు బాగుచేస్తాడు, నెమ్మదస్తుడు. ఏళ్ళ తరబడి ఊరందరినీ బస్సులెక్కించిన ఆవిడ ఒకరోజు తనే ఎక్కి వెళ్ళిపోతుంది. నవలకి ప్రాణం అక్కడుంది. పబ్లిషరు మొదటి ప్రతి చదివి ఫోన్ చేశాడు.

“మీ గడియారాలాయన బ్రహ్మాండం సార్. కళ్ళముందు తిరుగుతున్నాడు. ఆవిడే... ఎలా చెప్పను, క్యాలెండరు మీద బొమ్మలా నవ్వుతోంది. ఎందుకు బస్సెక్కిందో నాకైతే అంతుపట్టలేదు. వానలు తగ్గేలోపు సరిచేసిస్తే ఈ ఏడే వేసేద్దాం. లేకపోతే వచ్చే ఏడు చూద్దాం.”

వచ్చే ఏడు అనే మాట నా వయసువాళ్ళ దగ్గర ఎవరూ అంత తేలిగ్గా అనకూడదు.

మాది కళ్ళద్దాల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. నా భార్య బతికినంత కాలం ఇద్దరం కలిసి నడిపాం. మధ్యాహ్నం నేను పైకొచ్చి తిని, కునుకు తీసి దిగేదాకా కింద ఆవిడే కూర్చునేది. ఇప్పుడు దుకాణం మా అమ్మాయి చూసుకుంటోంది, పైన నేను రాసుకుంటున్నాను. ఆ వానల్లోనే మా వదిన, అంటే నా భార్య అక్కగారు, శుక్లం ఆపరేషన్ చేయించుకుని మా ఇంట్లో దిగింది. నల్లద్దాలు పెట్టుకుని, చదవకూడదు, టీవీ చూడకూడదు, వంగకూడదు అనే మూడు ఆంక్షలతో మంచం మీద కూర్చున్న మనిషికి మిగిలిన పని ఏమిటి? నా నవల వినడం. విని ఊరుకుంటే నాకు ఈ కథ రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

చిక్కంతా నా భార్య పెట్టిన షరతుతో వచ్చింది. నేను కథలు రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒకసారి, అక్కనీ కూతుర్నీ సాక్షులుగా పెట్టి మరీ చెప్పింది. “ఎవర్నైనా రాసుకోండి, నన్ను మాత్రం వదిలెయ్యండి. నా నడక, నా మాట, నా చాదస్తం, ఏదీ ఎవరికీ అంటగట్టొద్దు. ఎవరో ముక్కూమొహం తెలీనివాళ్ళు నన్ను చదవడమేమిటి, నాకు సిగ్గు.” సరేనన్నాను. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ మాట నిలబెట్టుకోవడం కష్టం కాలేదు. పోయాక కష్టమైంది.

సాయంత్రం దుకాణం కట్టేసి అమ్మాయి పైకొచ్చాక చదవడం మొదలుపెట్టేవాణ్ణి.

“మైకావిడకి కోపమొస్తే మడతపెట్టిన బట్టలన్నీ విప్పి మళ్ళీ మడతపెడుతుంది...”

“దొంగ దొరికాడు!” మంచం మీంచి వదిన. “అది మా చెల్లి.”

కొట్టేశాను.

“ఎవరైనా వెళ్ళొస్తామంటే గుమ్మం దాకా సాగనంపి, అసలు సంగతి అప్పుడు మొదలుపెడుతుంది...”

“నాన్నా, అది అమ్మే,” అంది అమ్మాయి, కూర తరుగుతూ.

“లోకంలో ఆడవాళ్ళందరూ అంతేగదే!”

“అందరూ గుమ్మం దగ్గర నిలబడతారు. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలితో చెప్పు వెతుక్కోరు. నువ్వు అదీ రాశావు.”

అదీ కొట్టేశాను. తలనొప్పి అని చెప్పకుండా లైటార్పేసి కూర్చోవడం, నవలలు చివరి పేజీ నుంచి మొదలుపెట్టడం, ఫోనెత్తి ఎవరో తెలియకముందే “ఆఁ, అయితే” అనడం, అన్నీ పోయాయి. వదినకి కళ్ళే కదా కట్టేశారు, చెవులు పోలీసు కుక్కలా పనిచేస్తున్నాయి. నాకు తెలిసిన ఆడమనిషి ఒక్కతే. ఆవిణ్ణి వాడకుండా ఇంకొకావిణ్ణి తయారుచెయ్యమంటే, పిండి ముట్టుకోకుండా రొట్టె చెయ్యమన్నట్టుంది.

అప్పుడు నా వృత్తి గుర్తొచ్చింది. కళ్ళ పరీక్షలో ఒక నియమం ఉంది. ముక్కుమీద ఖాళీ ఫ్రేము పెట్టి, పెట్టెలోంచి ఒక్కో అద్దం తీసి అందులో వేస్తాం. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ప్రతిసారీ అడగాలి, ఇలా బాగుందా, అలా బాగుందా అని. మనిషిని తయారుచెయ్యడానికి మాత్రం ఇంతకన్నా శాస్త్రీయమైన పద్ధతేముంది? రోజుకొక గుణం మార్చి, అదే పేజీ మళ్ళీ రాసి, వదినకి వినిపించాను.

“ఇవాళ ఆవిడ పిసినారి. ఇలా బాగుందా, నిన్నటిలా బాగుందా?”

“రెండూ ఒకలాగే ఉన్నాయి మరిదిగారూ.”

మర్నాడు ఆవిడకి పాటలు వచ్చు. “ఇప్పుడు?”

“పాడుతోందా? నాకు తెలీలేదే.”

ఆ మర్నాడు పిల్లుల్ని పెంచింది.

“ఎన్ని?”

“మూడు.”

“డ్యూటీకెళ్ళే ఆడది, మూడు పిల్లులా! పాలెవరు పోస్తారు? ఆ గడియారాలాయనా? ఆయన కాఫీ ఆయనే కలుపుకోలేడు పాపం. తియ్యండి పిల్లుల్ని.”

తీసేశాను. ఇలా వేసీ తీసీ, వేసీ తీసీ, చివరికి చూస్తే ఫ్రేములో పవరు లేని సాదా అద్దం మిగిలింది. అందులోంచి గోడ తప్ప ఏమీ కనిపించదు.

“అయితే నన్ను పెట్టెయ్యండి,” అంది వదిన, చుక్కల మందు వేస్తుంటే కన్ను విప్పి పట్టుకుని. చుక్క పడేటప్పుడు మాత్రం ఆవిడ మాట్లాడేది కాదు. రోజుకి నాలుగుసార్లు నాకు దొరికే ఆ కాస్త నిశ్శబ్దానికి ఆ మందు కంపెనీకి మనసులోనే దణ్ణం పెట్టుకునేవాణ్ణి. “నాకేం సిగ్గులేదు. నన్ను రాయండి, నేనేం అనను.”

రాశాను. చదివాను.

“నేనంత గట్టిగా మాట్లాడతానా!” అని అరిచింది. వీధిలో వెళ్ళేవాడెవడో ఆగి పైకి చూశాడు.

“లేదు వదినా.”

“మరి ‘గొంతు చించుకుని’ అని ఎందుకు రాశారు? ఇంకోటి, నేను పరాయివాళ్ళ సంగతుల్లో తలదూరుస్తానా?”

“పెద్దమ్మా, ఏమీ అననన్నావుగా,” అంది అమ్మాయి.

“నువ్వు మధ్యలో రాకే. అనడంలేదు, అడుగుతున్నాను.”

వదిన పేజీలు కూడా పోయాయి.

ఇక ఇంట్లో లాభంలేదని, వాన తెరిపిచ్చిన ఒక పొద్దున నేరుగా బస్టాండుకే పోయాను. అసలు మనిషిని చూస్తే ఏదో ఒకటి దొరక్కపోదు. విచారణ కౌంటరు ఎదురుగా బెంచీ మీద కూర్చుని, గాజు వెనకాల మైకు ముందున్న ఆవిణ్ణి గమనించడం మొదలుపెట్టాను. తెల్లజుట్టు, ముక్కు కొసకి జారిన అద్దాలు. ఫ్రేము వంకరగా ఉంది, ఎడమవైపు కాడ వదులు. నా దృష్టంతా కాడ దగ్గరే ఆగిపోయింది. ఎంతసేపు చూశానో. ఉన్నట్టుండి స్టేషనంతా ఆవిడ గొంతు మోగింది.

“ప్రయాణికులకు విజ్ఞప్తి. నీలం చొక్కా వేసుకుని బెంచీ మీద కూర్చున్న పెద్దాయనా, మీ ముందునించి ఊరికున్న బస్సులన్నీ పోయాయి. ఎక్కడికెళ్ళాలో కౌంటరు దగ్గరకొచ్చి చెప్పండి. దారి తప్పితే ఇంటి ఫోను నంబరు చెప్పినా సరే.”

బస్టాండు బస్టాండంతా నా వైపు తిరిగింది. ఒకావిడ జాలిపడి అరటిపండు ఇవ్వబోయింది. లేచి కౌంటరు దగ్గరకెళ్ళి, గొంతు తగ్గించి, నేను తప్పిపోలేదనీ నవల రాస్తున్నాననీ చెప్పుకోవాల్సొచ్చింది.

“నా మీదే!” ఆవిడ మొహం వెలిగిపోయింది. చెయ్యి మైకు మీద మూతలా పెట్టి అంది, “రాయండి బాబూ, తప్పకుండా రాయండి. కానీ ఈ కౌంటర్లో మాత్రం కూర్చోబెట్టకండి. ఎక్కడైనా ఏసీ ఉన్నచోట రాయండి. విమానాశ్రయమైతే మరీ మంచిది.”

“నాకు బస్టాండే కావాలమ్మా.”

“నాకు అక్కర్లేదు కదండీ మరి!”

అది కూడా నిజమే. జేబులో ఎప్పుడూ ఉండే చిన్న స్క్రూడ్రైవరుతో ఆవిడ అద్దాల కాడ బిగించి ఇచ్చాను. ఆవిడ తన ఫ్లాస్కులోంచి మూతనిండా టీ పోసి కిటికీలోంచి తోసింది. వాన మళ్ళీ అందుకుంది. ఆ టీ బాగుంది. మిగిలిందంతా వృథా.

తడిసి ఇంటికొస్తే, నేను రాసుకునే బల్ల మీద మళ్ళీ టీ. సాసరు మూతపెట్టి, పక్కన పొడి తువ్వాలు. అమ్మాయి పనే. ఏమీ అడగకుండా అవి అక్కడ పెట్టి వెళ్ళగలగడం వాళ్ళమ్మ నుంచి వచ్చింది. అదీ రాయకూడదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అందరి మీదా. షరతు పెట్టి చక్కా పోయిన మనిషి మీద కూడా. సరే, పట్టుకోండి చూద్దాం అనుకున్నాను. లోకంలో ఏ ఆడదీ చెయ్యని పని, ఎవరూ ఎవరిదీ అనలేని పని, కేవలం మీ నోళ్ళు మూయించడానికి రాస్తాను. అద్దాలు మార్చడం, ఒకటొకటిగా అడగడం, అవేవీ పెట్టుకోకుండా, తువ్వాలు మెడకి చుట్టుకుని కూర్చుని ఒక్క ఊపున రాసి పారేశాను.

అది చదవడం ఇంట్లో జరగలేదు. వదినకి ఆ సాయంత్రమే కొత్త అద్దాలకి పరీక్ష. కింద దుకాణంలో పరీక్ష గది అంటే గదేం కాదు, వెనకాల తెర కట్టిన సందు. ఒక చివర కుర్చీ, రెండో చివర గోడకి, వెనక దీపం వెలిగే అక్షరాల బోర్డు. పై వరసలో ఒక్కటే పెద్ద అక్షరం, కిందికొచ్చేకొద్దీ చిన్నవై, అట్టడుగు వరస చీమల బారులా ఉంటుంది. వాన జోరుకి షట్టరు సగం దించేశాం. వదిన కుర్చీలో ఖాళీ ఫ్రేము పెట్టుకుని మహారాణిలా కూర్చుంది. అమ్మాయి అద్దాల పెట్టె ముందు.

“ఊరికే కూర్చున్నారేం, చదవండి,” అంది వదిన. “నా కన్ను దారి నా కన్నుది, నా చెవి దారి నా చెవిది.”

చదివాను.

మైకావిడ డ్యూటీ దిగే వేళ. ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. స్వీపరు తడిగుడ్డ పిండుకుంటున్నాడు. మైకు స్విచ్చి ఆపేసింది, ఎర్ర దీపం ఆరింది. అప్పుడావిడ ఆ ఆరిపోయిన మైకు దగ్గరకి నోరు పెట్టి, బోర్డు మీద లేని బస్సొకటి పిలుస్తుంది. లేని ఊరికి. దారిలో ఆగే ఊళ్ళన్నీ వరసగా చెబుతుంది, ఒక్కటి కూడా ఏ పటంలోనూ ఉండదు. ఎక్కవలసిన వారు త్వరపడవలెను అంటుంది. కాసేపు ఆగుతుంది. తర్వాత సంచీ తీసుకుని ఇంటికెళ్ళి, గడియారాలాయనకి అన్నం వడ్డిస్తుంది.

ఆపి తలెత్తాను. దొంగ దొరికాడు అనే కేక కోసం ఎదురుచూశాను. అమ్మాయి చేతిలో అద్దం ఫ్రేము దాకా వెళ్ళి ఆగిపోయి ఉంది.

“నీకెవరు చెప్పారు?” అంది.

“ఎవరు చెప్పడమేమిటే? నేను కల్పించాను. మీ బాధ పడలేక!”

“నిజంగా తెలీదా?”

“ఏం తెలీదు?”

అద్దాన్ని పెట్టెలో దాని గాట్లో పెట్టేసింది. “అమ్మ ఇలాగే చేసేది నాన్నా. నువ్వు భోజనానికి పైకెళ్ళాక. దుకాణంలో ఎవరూ లేకపోతే ఇదిగో, పెద్దమ్మ కూర్చున్న కుర్చీలోనే కూర్చుని, ఒక కన్ను చేత్తో మూసుకుని, బోర్డు చదివేది. బోర్డు మీదున్నవి కాదు. ఊళ్ళ పేర్లు.”

“ఏ ఊళ్ళే?” అంది వదిన.

“ఏవో. మనం ఎప్పుడూ వెళ్ళనివి. పై వరసలో పెద్ద పెద్ద నగరాలు. కిందికొచ్చేకొద్దీ చిన్న ఊళ్ళు. నేను ఒంటిపూట బడి నించి వచ్చి కౌంటరు వెనకాల లెక్కలు చేసుకుంటుండేదాన్నిగా, వినేదాన్ని. అట్టడుగు వరస మాత్రం వినపడేది కాదు. పెదాలు కదిపేదంతే. అదేం ఊరమ్మా అనడిగితే, అది కళ్ళు బాగున్నవాళ్ళకే కనిపిస్తుందిలే అనేది. తర్వాత మెట్ల మీద నీ చెప్పుల చప్పుడు వినగానే లేచి గల్లాపెట్టె దగ్గరకొచ్చేసేది.”

షట్టరు మీద వాన దబదబా పడుతోంది. నేను చేతిలో కాగితాలు సర్దుకున్నాను. అవి సర్దే ఉన్నాయి.

“అయితే ఇదీ కొట్టెయ్యాలన్నమాట,” అన్నాను. గొంతులో విసుగు తెచ్చుకుందామని చూశాను, సరిగ్గా రాలేదు.

అమ్మాయి వదినవైపు చూసింది. ఇంట్లో తీర్పులు చెప్పే అధికారం ఆవిడదే కదా. వదిన ఖాళీ ఫ్రేములోంచి నన్ను చాలాసేపు చూసింది.

“ఎందుకు కొట్టెయ్యడం?” అంది చివరికి. “చూసి రాస్తే దొంగతనం. ఆయనెక్కడ చూశాడు?”

అని, బోర్డు వైపు తిరిగి, “నువ్వు అద్దం వెయ్యవే, మెడ పట్టేస్తోంది,” అంది.

ఆ తర్వాత మైకావిడ బస్సెక్కడానికి ఎంతోసేపు పట్టలేదు. నేను సంచీ కూడా సర్దించలేదు. ఒకరోజు ఎర్రదీపం ఆరకుండానే ఆవిడ ఆ బస్సు పిలిచింది. స్టేషనంతా వింది. ఎవరూ కదలకపోతే తనే లేచి వెళ్ళింది. నేను వెనకాల రాసుకుంటూ పరిగెత్తడమే సరిపోయింది. బట్టల మడతలు, గుమ్మం దగ్గర కబుర్లు, ఏవీ కావాల్సిరాలేదు.

వదిన కొత్త అద్దాలు పెట్టుకుని, మా ఇంట్లో అంతకుముందు కనపడని బూజంతా వేలుపెట్టి చూపించి, దులిపించి మరీ ప్రయాణమైంది. నేనే బస్టాండులో దింపాను. కౌంటరావిడ నన్ను గుర్తుపట్టింది. “ఏసీ పెట్టారా?” అని మైకులోనే అడిగింది. లేదని తల అడ్డంగా ఊపాను. “అయితే నేను చదవను,” అంది, అదీ మైకులోనే. బస్సు కదిలేటప్పుడు వదిన కిటికీలోంచి తల బయటపెట్టి అప్పుడు మొదలుపెట్టింది అసలు సంగతి. ఇంజను మోతలో ఒక్క ముక్క వినపడలేదు. అక్కచెల్లెళ్ళు కదా అనుకుని చెయ్యూపాను.

పబ్లిషరు ఫోను వచ్చేసరికి వానలు వెనకపట్టాయి.

“సార్! ఆవిడ అద్భుతం. ఇప్పుడు మనిషైంది. ఆ ఆరిపోయిన మైకు దగ్గర నేను ప్రతి పక్కన పెట్టేసి కాసేపు ఊరికే కూర్చున్నాను.”

“సంతోషం. అయితే అచ్చుకి...”

“ఒక్క చిన్న విషయం. ఇప్పుడు మీ గడియారాలాయనే తేలిపోతున్నాడు సార్.”

“మీరే కదండీ బ్రహ్మాండం అన్నారు!”

“అప్పుడావిడ లేదు కదా పక్కన. ఇప్పుడు పక్కన నిలబెట్టి చూస్తే... అన్నేళ్ళు కాపురం చేశాడు. రోజూ ఆవిడ వడ్డిస్తే తిన్నాడు. పెళ్ళాం అలాంటి మనిషని ఆయనకి ఒక్కరోజు కూడా ఎలా తెలియలేదు? పాఠకుడు అడుగుతాడు సార్. దానికేదో ఒకటి చెప్పాలి మీరు. తొందరేం లేదు, పుస్తకం ఈ ఏడే. ఇంకో నాలుగు వారాలు తీసుకోండి.”

ఫోను పెట్టేశాను. దాన్ని గోడకేసి కొట్టాలనిపించింది. మంచి మాట చెప్పినవాడి మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు.

కిందికి దిగాను. మధ్యాహ్నం, దుకాణంలో ఎవరూ లేరు. అమ్మాయి నా మొహం చూసి ఏమైందని అడగలేదు. “ఎన్నాళ్ళయింది నీ అద్దాలు మార్చి? కాగితం ముక్కుకి ఆనించుకుని రాస్తున్నావు. రా, కూర్చో,” అంది.

జీవితమంతా ఆ కుర్చీ పక్కన నిలబడ్డవాణ్ణి, అందులో కూర్చోవడం తక్కువ. అమ్మాయి దీపం వేసి, ఫ్రేము పెట్టి, అద్దం మార్చింది.

“ఇలా బాగుందా, అలా బాగుందా?”

“రెండూ ఒకలాగే ఉన్నాయి.”

“అందరూ అదే అంటారు,” అంది నవ్వి. “సరే, పైనుంచి చదువు.”

ఒక కన్ను చేత్తో మూసుకున్నాను. పై వరస చూశాను. ఒక్కటే, పెద్ద ‘గ’. దాని చుట్టూ, దాని వెనకాల, కాసేపు వెతికాను. ఏ నగరమూ కనిపించలేదు. గ అన్నాను. రెండో వరస, మూడో వరస. నెమ్మదిగా చదివాను, ప్రతి అక్షరం దగ్గరా ఆగాను, ఏమైనా వస్తుందేమోనని. అమ్మాయి తొందరపెట్టలేదు.

“అట్టడుగు వరస?”

“ఠ, న, ల, డ, మ.”

“ఒక్క తప్పు కూడా లేదు నాన్నా.”

దీపం ఆర్పబోయింది. నేను కుర్చీలోంచి లేవలేదు.

“ఉండవే,” అన్నాను. “ఇంకో అద్దం వేసి చూడు.”